ఎడం పక్క చోటు

ఉదయం ఆరు కాకముందే కల్నల్ ఆశీర్వాదం గారు గడ్డం గీసుకుని, తెల్ల లాల్చీ వేసుకుని వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆర్మీ నుంచి రిటైరై ఎనిమిదేళ్లయినా ఆ వేళ మారలేదు. బల్ల నలుగురు కూర్చునేంత పొడవుంటుంది. ఆయన మాత్రం ఎప్పుడూ కుడి చివరే కూర్చుంటారు. కాలవ మీంచి వచ్చే వెలుతురు అక్కడ బాగా పడుతుంది, పేపరు చదువుకోవడానికి బాగుంటుంది. ఆయన ఎడం పక్క చోటు సరోజిని గారిది. ఆవిడ పోయి ఏడాది కావస్తున్నా అక్కడ ఎవరూ కూర్చోరు. చదివేసిన పేపరు పెట్టాలన్నా ఆయన ఒళ్లోనే మడిచి పెట్టుకుంటారు గానీ అక్కడ పెట్టరు.

కోడలు శాంతి వంటింట్లోంచి టీ తెచ్చింది. వంటింటి గుమ్మం బల్లకి ఎడం వైపు. గుమ్మంలోంచే "మామయ్యగారూ, టీ అండి" అంది. ఆయన కదల్లేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డాక తలెత్తి గ్లాసు అందుకున్నారు. ఇది రోజూ జరిగేదే. మూడేళ్ల క్రితం పెళ్లై రాజోలు దాటి ఈ ఊరొచ్చిన కొత్తలో, తనంటే ఆయనకి ఇష్టం లేదేమో అని శాంతి కుమిలిపోయేది. అత్తగారు నవ్వి సర్దిచెప్పారు. ఆయన మనసు ఇంకా యుద్ధం చేసిన ఆ మంచు కొండల మీదే ఉంటుందని, మనం ఏం చెప్పినా 'ఆఁ' అంటారని, అంతకు మించి ఆశపడకూడదని అన్నారు.

ఆ 'ఆఁ' ఇంట్లో పాత వేళాకోళం. కూర బాగుందా అంటే ఆఁ. కొబ్బరికాయలు దింపే మనిషి రాలేదంటే ఆఁ. చదవకుండా పెట్టే సంతకం లాంటిది అది అనేవాడు కొడుకు జాన్. తల్లి ఉన్నప్పుడు ఆ మాట నవ్వుతూ అనేవాడు. ఇప్పుడు అసలు అనడు. తండ్రితో మాట్లాడ్డమే తగ్గిపోయింది. అమలాపురంలో కాలేజీకి వెళ్లి పాఠాలు చెప్పి వస్తాడు, అన్నం తింటాడు, లోపలి గదిలోకి వెళ్లిపోతాడు. ఏమైందిరా అని కల్నల్ గారు ఎన్నడూ అడగలేదు. తల్లి పోయిన దిగులు అనుకున్నారు.

మర్నాడు ఆదివారం సరోజిని గారి జ్ఞాపకార్థ కూడిక. ఏడాది నిండిన సందర్భం. చర్చి పెద్దలు అదే రోజు కల్నల్ గారికి శాలువా కప్పాలని కూడా నిర్ణయించుకున్నారు. వాళ్ల లెక్క వాళ్లది. ఆయన తాతగారు ఒకరి పొలంలో నాగలి దున్నిన మనిషి. తండ్రి మిషన్ బడిలో పంతులు. ఆ ఇంట్లోంచి ఒకడు సైన్యంలో ఆఫీసరై, ఫిరంగుల రెజిమెంటుకి అధిపతి అయి, ధైర్యానికి సేనా మెడల్ అందుకుని వచ్చాడు. కూడిక ఫ్లెక్సీ మీద సరోజిని గారి పక్కన ఆయన ఫొటో కూడా యూనిఫారంలో వెయ్యాలని పెద్దలు అడిగితే జాన్ ఒప్పుకోలేదు. అమ్మ ఫొటో చాలండి అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

కూడికలో భర్త లేచి భార్య గురించి నాలుగు మాటలు చెప్పడం వాడుక. దాన్ని సాక్ష్యం అంటారు. ఆయన వారం రోజులుగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషూ హిందీ రాసిన చెయ్యి, తెలుగు అక్షరాలు వంకర్లు పోయాయి. ఆ ఉదయం ఆ పుస్తకం శాంతి చేతికిచ్చారు.

"నీ దస్తూరీ బాగుంటుందమ్మా. పెద్ద అక్షరాలతో రాయి. తప్పులుంటే దిద్దు. సాయంత్రానికి ఇస్తే చాలు. ఏం చెప్పాను?"

"పెద్ద అక్షరాలతో రాయమన్నారండి, తప్పులు దిద్దమన్నారండి. సాయంత్రానికి ఇమ్మన్నారండి."

ఆయన తల ఊపారు. అది ఈ ఇంటి పద్ధతి. ఏ పని చెప్పినా అవతలివాళ్లు తిరిగి చెప్పాలి. ఫిరంగుల దగ్గర అలాగే ఉంటుందని ఆయన చెబుతారు. ముందు కొండ మీద ఒక ఆఫీసరు దాక్కుని శత్రువుని చూస్తాడు. ఎంత దూరం, ఎటు వైపు అని రేడియోలో అంకెలు చెబుతాడు. మైళ్ల వెనక ఫిరంగుల దగ్గరున్న మనిషి ఆ అంకెలు తిరిగి చెప్పాకే గుండు పేలాలి. ఒక్క అంకె తప్పితే అది మన వాళ్ల మీదే పడుతుంది. జాన్‌కి ఏడేళ్లప్పుడు కిరాణా కొట్టుకి పంపితే ఉప్పు, పప్పు, అగ్గిపెట్టె అని తిరిగి చెప్పించి గాని గుమ్మం దాటనిచ్చేవారు కాదట.

శాంతి వంటింటి పీట మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. మొదటి పేజీ అంతా ఆయన ఉద్యోగం సంగతులు. పంతులుగారి కొడుకు సైన్యంలో చేరడం, తొంభై తొమ్మిది వేసవి యుద్ధంలో మేజరుగా కొండెక్కడం, రెండు రోజులు రాతి చాటున కూర్చుని ఫిరంగులని నడిపించడం, పక్కన రేడియో మోసిన కుర్రాడు గంగబాబు. రెండో పేజీలో భార్య. పదిహేను ఊళ్లు తనతో మారడం, ఎక్కడికెళ్లినా కుండీలో కరివేపాకు మొక్క పెంచడం. అక్కడిదాకా శాంతి కలం ఆగలేదు. ఆ తరవాతి వాక్యం దగ్గర ఆగింది.

'నన్ను బాధపెట్టకూడదని నా భార్య తన జబ్బు సంగతి నాకు చెప్పకుండా దాచింది. సైనికుడి భార్యకి తగ్గ ధైర్యం అది.'

ఆ వాక్యం రెండుసార్లు చదివింది. కాకినాడ ఆస్పత్రిలో అత్తగారి మంచం పక్కన కూర్చుని జావ పట్టిన రోజు గుర్తొచ్చింది. ముందే చెబితే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా అని ఆ రోజు జాన్ ఏడ్చాడు. అప్పుడు సరోజిని గారు గోడవైపు తిరిగి, చెప్పానురా అన్నారు. రొమ్ములో గడ్డ తగిలిన నెల రోజులకే వరండాలో బల్ల మీద ఆయన పక్కన కూర్చుని చెప్పానని, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు కొడుక్కి వినిపించారు. ఆయన ఆఁ అని పేపరు తిప్పేరట. ఆయనే ఏమీ అనలేదంటే పెద్ద విషయం కాదేమో అనుకుని ఇంకో అయిదు నెలలు ఆగానన్నారు. ఈ మాట ఆయన్ని అడగొద్దని కొడుకు చేత ఒట్టు వేయించుకున్నారు. జాన్ అడగలేదు. అడగకపోవడంతోనే వాడు తండ్రికి దూరమైపోయాడు.

ఇప్పుడు ఆ దాచిందనే మాట రేపు ఊరందరి ముందూ చదువుతారు. శాంతి నోటుపుస్తకం పంచదార డబ్బా కింద పెట్టి లేచింది. ఏం చెయ్యాలో తోచలేదు. రాయకపోతే ఎందుకని అడుగుతారు. రాస్తే జాన్ వింటాడు.

తొమ్మిదింటికి కాట్రేనికోన నుంచి గంగబాబు వచ్చాడు. ఆ రేడియో మోసిన మనిషే, హవల్దారుగా రిటైరయ్యాడు. కూడిక భోజనాల్లోకి సంచీడు ఎండు రొయ్యలు తెచ్చాడు. మెట్లెక్కి వంటింటి వైపు నుంచే వస్తూ, "దండాలు సారూ" అన్నాడు. మాట పూర్తికాకుండానే బల్ల వెనక నుంచి చుట్టూ నడిచి కుడి పక్కకి వెళ్లి, అక్కడి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు మళ్లీ దండం పెట్టాడు. కల్నల్ గారు వెంటనే తిరిగి నవ్వారు. ఈ మధ్య ఆయన అంత తేలిగ్గా మాట్లాడగా శాంతి చూడలేదు. చేపల రేటు, మోకాళ్ల నొప్పులు, పెన్షను కాగితం. ఒక్క ఆఁ కూడా లేదు. ప్రతి మాటకీ జవాబు ఉంది.

టీ ఇస్తూ శాంతి అడిగింది, దగ్గరి దారి ఉండగా అంత చుట్టూ తిరిగి ఎందుకెళ్లారని.

"అలవాటమ్మా" అన్నాడు గంగబాబు. ఆమె మొహంలోకి చూడకుండా గ్లాసులోకి చూసుకుంటూ అన్నాడు.

పదకొండు గంటలకి జాన్ ఫ్లెక్సీ చుట్టా, పాటల కాగితాల కట్టా పట్టుకుని అమలాపురం నుంచి తిరిగొచ్చాడు. నిమ్మకాయ నీళ్లు కలుపుకుందామని వంటింట్లోకి వెళ్లాడు. శాంతి వెనకే వెళ్లేసరికి నోటుపుస్తకం అతని చేతిలో ఉంది. పంచదార కోసం డబ్బా ఎత్తి ఉంటాడు. రెండో పేజీ చదువుతున్నాడు. వద్దండి, ఈ పూటకి వద్దండి అని ఆమె బతిమాలుతుంటే వినిపించుకోకుండా వరండాలోకి నడిచాడు.

ఎడం వైపు నుంచే వెళ్లి తండ్రి భుజం దగ్గర నిలబడ్డాడు.

"నాన్నగారూ, ఇది ఎవరు రాసేరు?"

కల్నల్ గారు గంగబాబు చెప్పేది వింటున్నారు. తిరగలేదు.

"మిమ్మల్నే. నేనేదో అడుగుతున్నాను. దీనిక్కూడా ఆఁ అనండి."

గంగబాబు కళ్లు చూసి ఆయన వెనక్కి తిరిగారు. కొడుకు మొహం చూసి నవ్వు మానేశారు. జాన్ ఆ వాక్యం పైకి చదివాడు. చదవడం అయ్యాక పుస్తకం ఆయన ఒళ్లో పెట్టాడు.

"రేపు ఇది చదవడానికి వీల్లేదండి. అసలు మీరు సాక్ష్యమే చెప్పొద్దు. అమ్మ దాచలేదు."

"నాకు చెప్పలేదురా."

"చెప్పింది. ఈ బల్ల మీదే కూర్చుని చెప్పింది. గడ్డ తగులుతోందని చెప్పింది. మీరు ఆఁ అని పేపరు తిప్పేరు. మీరేమీ అనలేదని అయిదు నెలలు నోరు మూసుకుంది. చచ్చిపోయే ముందు నాకు చెప్పి, మిమ్మల్ని అడగొద్దని ఒట్టు వేయించుకుంది. ఏడాదిగా నేను మోస్తున్నాను ఆ ఒట్టు. మీరేమో సైనికుడి భార్య ధైర్యమని రాసుకున్నారు."

కల్నల్ గారు కొడుకు పెదాల వంకే చూస్తున్నారు. తరవాత అడిగారు.

"ఎటు పక్క కూర్చుంది?"

జాన్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అతని మొహం ఎర్రబడింది. అమ్మ ఎలా చచ్చిపోయిందో చెబుతుంటే ఎటు పక్క కూర్చుందని అడుగుతారా అన్నాడు. గంగబాబు తల వంచేసుకున్నాడు. శాంతి అది చూసింది. పొద్దున అతను బల్ల చుట్టూ తిరిగి వెళ్లడం, రోజూ గుమ్మంలోంచి తను పిలిచే పిలుపు, అత్తగారు నవ్వుతూ చెప్పిన ఆ మాట, అన్నీ ఒక్కసారి ఆమె మనసులో ముడిపడ్డాయి. ఆమె మెల్లగా బల్ల వెనక నుంచి నడిచి కుడి పక్కకి వెళ్లింది. ఎదురుగా రాకుండా వెనకే నిలబడి, కుడి చెవి దగ్గరగా వంగి అంది.

"ఎడం పక్కేనండి మామయ్యగారూ. ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటే."

ఆయన వెంటనే తిరిగి ఆమె వైపు చూశారు. జాన్ కూడా చూశాడు. అతను చదువుకున్నవాడు, ఎవరూ ఏమీ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. కల్నల్ గారు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు.

"ఆ ఎడం చెవి వినపడదు బాబుగారూ" అన్నాడు గంగబాబు. "కొండ మీద పోయిందండి. పది గజాల్లో పడింది గుండు. నాకు భుజం, ఆయనకి చెవి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నేనూ పాతికేళ్లుగా మోస్తున్నానండి."

తరవాత కల్నల్ గారే చెప్పారు. నేల చూస్తూ, ఆగి ఆగి చెప్పారు. చెవి నుంచి కారిన రక్తం తుడుచుకుని మళ్లీ అంకెలు చెప్పానన్నారు. ఆ రోజు చేసినదానికే మెడల్ ఇచ్చేరన్నారు. చెవి పోయిందని తెలిస్తే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారు, రెజిమెంటు చేతికి రాదు. మా ఇళ్లల్లోంచి అంత దూరం వెళ్లినవాడు అప్పటికి ఎవడూ లేడు, వదులుకోలేకపోయానన్నారు. డాక్టరు వెనక నిలబడి మెల్లగా చెప్పే మాటలేవో ముందే కనుక్కుని పరీక్షకి వెళ్లేవారట. మీటింగుల్లో గోడ ఎడం పక్కకి వచ్చేలా కుర్చీ వేసుకునేవారట. కుడి చెవి సగం పనిచేస్తుంది, దాంతో నెట్టుకొచ్చానన్నారు.

"అమ్మకి చెప్పొచ్చు కదండీ" అన్నాడు జాన్. గొంతులో కోపం లేదు.

"మొదట్లో భయపడుతుందని చెప్పలేదు. నాలుగేళ్లు పోయాక, ఇన్నాళ్లూ ఎందుకు దాచేరంటుందని చెప్పలేదు. పెళ్లినాడు పాస్టరుగారు నా ఎడం పక్క నిలబెట్టేరు దాన్ని. ఆ చోటు మళ్లీ మార్చుకోలేదు. ఇటు వచ్చి కూర్చో సరోజా అంటే సరిపోయేది. ఎందుకు అని అడుగుతుందని ఆ మాట కూడా అనలేదురా. పక్కనుంచి ఏదో మాట్లాడినట్టు తెలిసేది. ఆఁ అనేవాణ్ని." ఆయన ఆగారు. "ఫిరంగుల దగ్గర ఒక్క అంకె తిరిగి చెప్పకపోతే మనుషుల్ని తిట్టిపోసేవాణ్ని. ఇంట్లో అది చెప్పిన మాట ఒక్కటి నేను తిరిగి చెప్పలేదు."

జాన్ మెట్ల మీద కూలబడ్డాడు. కాలవలో నాచు తీసే మనుషుల కేకలు వినిపిస్తున్నాయి. గంగబాబు లేచి, పైపంచె భుజాన వేసుకుని, పెరట్లోకి వెళ్లిపోయాడు.

"నాకు చెప్పకుండా పోయిందని ఏడాదంతా దాని మీద కోపంగా ఉన్నాను" అన్నారు కల్నల్ గారు. "అది చెప్పిందంటున్నావు. ఏం చెప్పింది? మొత్తం చెప్పు."

జాన్ లేచాడు. బల్ల చుట్టూ నడిచి, కుడి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. తండ్రి చెవి దగ్గరగా వంగాడు.

"చెబుతాను. ఒక్కో మాటా తిరిగి చెప్పండి నాన్నగారూ."

ఆయన వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు.

"'ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి.'"

"ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి."

"'ఇక్కడ గడ్డలా తగులుతోంది. నెల రోజులైంది.'"

"ఇక్కడ గడ్డలా తగులుతోంది. నెల రోజులైంది."

"'ఎవరికీ చెప్పలేదు. సిగ్గుగా ఉంది.'"

"ఎవరికీ చెప్పలేదు. సిగ్గుగా ఉంది."

"'మా అమ్మ కూడా ఇలాగే పోయింది. నాకు భయంగా ఉందండి.'"

ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. జాన్ తొందరపెట్టలేదు. ఆగాడు. శాంతి గుమ్మానికి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మ కూడా ఇలాగే పోయింది" అన్నారు ఆయన. "నాకు భయంగా ఉందండి."

"'కాకినాడ వెళ్లి చూపించుకుందామా? మీరేమంటారండి?'"

"కాకినాడ వెళ్లి చూపించుకుందామా. మీరేమంటారండి."

అంతే. చెప్పడానికి ఇంకేమీ లేదు. కల్నల్ గారు మెల్లగా ఎడం పక్కకి తిరిగారు. ఖాళీగా ఉన్న ఆ చోట అరచెయ్యి ఆనించారు.

"వెళ్దాం సరోజా" అన్నారు. "ఈ పూటే వెళ్దాం."

జాన్ ఆయన కుడి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఎడం చెయ్యి బల్ల మీంచి తియ్యకుండానే, కుడి చెయ్యి కొడుకు తల మీద వేశారు.

ఆ సాయంత్రం శాంతి సాక్ష్యం మళ్లీ రాసింది. ఆయన చెబుతుంటే రాసింది. ఈసారి ఒక కాగితం కూడా నిండలేదు. శాలువా వద్దని చర్చి పెద్దలకి ఆయనే ఫోను చేసి చెప్పారు. వాళ్లు నొచ్చుకున్నారు. కారణం రేపు వింటారు లెండి అన్నారు ఆయన.

ఆదివారం కూడికలో ఆయన లేచి నిలబడ్డారు. మెడల్ పెట్టుకోలేదు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. "నా భార్య తన జబ్బు సంగతి నాకు చెప్పింది. నేను వినలేదు. నా చెవి పోయిన సంగతి నేను దానికి చెప్పలేదు. ఇదే నా సాక్ష్యం" అని చదివి, కాగితం మడిచి కూర్చున్నారు.

ఆడవాళ్ల వరసలోంచి శాంతి అటే చూస్తోంది. ఆయన ఎడం పక్క చోటు ఖాళీగా ఉంది. జాన్ కుడి పక్క కూర్చున్నాడు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట నెంబరు చెప్పారు. జాన్ వంగి ఆయన చెవిలో చెప్పాడు.

"నూట నలభై రెండు నాన్నగారూ."

"నూట నలభై రెండు" అన్నారు ఆయన. అప్పుడు పుస్తకం తెరిచారు.